నరీటానా, హనేడానా, కన్సాయ్‌నా? జపాన్ యాత్రలో ఎక్కడ దిగాలి

ప్రశ్న: మాది తెనాలి. ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. వచ్చే వేసవి సెలవుల్లో నేను, మా ఆవిడ, అబ్బాయి, కోడలు, ఎనిమిదేళ్ల మనవడు కలిసి పది రోజులకు జపాన్ వెళ్దామనుకుంటున్నాం. టోక్యో, క్యోటో, నారా, ఒసాకా చూడాలని, ఫ్యూజీ పర్వతాన్ని కళ్లారా చూడాలని మా ఆశ. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నడవగలదు గానీ మెట్లంటే కష్టం. హైదరాబాద్ నుంచి అబ్బాయి చూసిన టికెట్లలో నరీటాలో దిగి నరీటాలోనే ఎక్కేది మనిషికి 58 వేలు, హనేడాకు రానుపోను 66 వేలు, ఒసాకా దగ్గరి కన్సాయ్‌లో దిగి హనేడా నుంచి తిరిగి వచ్చేది 64 వేలు ఉన్నాయి. చవకగా ఉంది కాబట్టి నరీటా టికెట్ కొనేద్దామని అబ్బాయి అంటున్నాడు. నాకెందుకో మనసొప్పడం లేదు. ఏది మంచిదో చెప్పగలరు.

సమాధానం: మాస్టారికి నమస్కారం. మీ మనసు ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది. మీ కుటుంబానికి సరిపోయే టికెట్ మూడోది, అంటే కన్సాయ్‌లో దిగి హనేడాలో ఎక్కేది. అబ్బాయి లెక్క తప్పని అనను, కానీ అది విమానం తలుపు దగ్గరే ఆగిపోయిన లెక్క. ఆ తలుపు దాటినప్పటి నుంచి మీ ఆవిడ మంచం మీద నడుము వాల్చేదాకా ఎన్ని గంటలు, ఎన్ని మెట్లు, ఎన్ని రైళ్లు, ఎంత డబ్బు అన్నది కూడా కలిపితే గానీ ఏ విమానాశ్రయం చవకో తేలదు.

ముందుగా టోక్యో సంగతి. టికెట్ వెతికేటప్పుడు ‘టోక్యో’ అని కొడితే నరీటా, హనేడా రెండూ ఒకే ఊరి పేరు కింద కనిపిస్తాయి గానీ, ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా మనకు శంషాబాద్‌కూ బేగంపేటకూ ఉన్నదానికంటే చాలా ఎక్కువ. హనేడా టోక్యో నగరంలోనే, సముద్రపు ఒడ్డున, టోక్యో స్టేషన్‌కు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంది. నరీటా పక్కనున్న చిబా రాష్ట్రంలో, నగరం నడిబొడ్డుకు దాదాపు అరవై కిలోమీటర్ల అవతల ఉంది. 1931లో మొదలైన హనేడా ఇరుకైపోవడంతో 1966లో నరీటాను ఎంపిక చేశారు. అక్కడి రైతులు తమ పొలాలు ఇవ్వబోమని ఏళ్ల తరబడి పోరాడారు. 1978 మార్చిలో తెరవాల్సిన విమానాశ్రయం, ఉద్యమకారులు కంట్రోల్ టవర్‌లోకి చొరబడి పరికరాలు ధ్వంసం చేయడంతో మే 20కి వాయిదా పడింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల నిద్ర చెడకూడదని అర్ధరాత్రి దాటాక విమానాల రాకపోకలపై పెట్టిన ఆంక్షలు నేటికీ అమలులో ఉన్నాయి. భూమి పోగొట్టుకోవడమంటే ఏమిటో తెలిసిన మనవాళ్లకు ఈ కథ కొత్తగా ఉండదు.

మన దగ్గర 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. టోక్యోలో అలా జరగలేదు. నరీటా వచ్చాక విదేశీ విమానాల్లో చాలా భాగం అటు వెళ్లిపోయినా, 2010 అక్టోబరులో హనేడాలో నాలుగో రన్‌వే, కొత్త అంతర్జాతీయ టెర్మినల్ మొదలైన తర్వాత మెల్లగా మళ్లీ ఊరి దగ్గరికే రావడం మొదలుపెట్టాయి. ఢిల్లీ నుంచి వెళ్లే ఎయిర్ ఇండియా కూడా 2025 మార్చి చివర నరీటా వదిలి హనేడాకు మారింది. ఊరికి దగ్గరగా దిగడానికి ప్రయాణికులు కాస్త ఎక్కువ ఇచ్చుకుంటారని విమాన సంస్థలకు తెలుసు. నరీటా టికెట్ చవకగా కనిపించడానికి ఒక కారణం అదే.

ఈ అరవై కిలోమీటర్లను మొదటిసారి నేను కూడా లెక్కలోకి తీసుకోలేదు. అమ్మను వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు మా విమానం రాత్రి ఎనిమిది దాటాక నరీటాలో దిగింది. వేలిముద్రలు, ఫొటో, వరుసలో నిలబడటం, పెట్టెలు, కస్టమ్స్ అన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. అక్కడి నుంచి టోక్యోలోని నిప్పొరి స్టేషన్ దాకా నడిచే స్కైలైనర్ రైలు నిజంగానే అద్భుతం, ముప్పై ఆరు నిమిషాల్లో చేరుస్తుంది. అయితే మా హోటల్ ఉన్నది నగరంలో ఇంకో వైపున్న షింజుకులో. నిప్పొరిలో దిగి, పెట్టెలు లాక్కుంటూ లోకల్ రైలు ఎక్కి, షింజుకులో దిగాం. అక్కడ బయటికి దారులు రెండొందలకు పైగా ఉంటాయంటారు. లిఫ్ట్ ఉన్న దారి ఏదో తెలియక మేము మెట్ల దారిలో పడ్డాం. అమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఆగుతూ ఎక్కింది. సగం ఎక్కాక నిలబడి, “ఇంకెంత దూరం నాన్నా?” అని అడిగింది. హోటల్ గదిలోకి అడుగుపెట్టేసరికి పావు తక్కువ పన్నెండు. మరునాడు మధ్యాహ్నం దాకా తను లేవలేకపోయింది. టికెట్‌లో నేను మిగిల్చిన డబ్బు ఆ ఒక్క పూటతో చెల్లిపోయింది.

మీ ప్రయాణం విమానంలో మొదలవదు, తెనాలిలో మొదలవుతుంది. శంషాబాద్ దాకా అయిదారు గంటలు రోడ్డు మీద కూర్చోవాలి. విమానానికి మూడు గంటలు ముందుండాలి. హైదరాబాద్ నుంచి జపాన్‌కు నేరుగా విమానం లేదు గనుక సింగపూర్‌లోనో, బ్యాంకాక్‌లోనో, హాంకాంగ్‌లోనో మారాలి. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అందువల్ల అర్ధరాత్రి ప్రాంతంలో హైదరాబాద్‌లో ఎక్కినవాళ్లు మరునాడు సాయంత్రం వేళ అక్కడ దిగడం మామూలు. అంటే ఇంటి గడప దాటి ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు గడిచాక మీరు పరాయి నేల మీద కాలుపెడతారు. ఆ స్థితిలో ఉన్న మనిషిని ఎక్కడ దించితే తక్కువ కష్టంతో మంచం చేరుతుందో అదే మీకు మంచి విమానాశ్రయం.

ఇక కన్సాయ్ విషయానికి వద్దాం. ఒసాకా దగ్గర సముద్రంలో మట్టి పోసి కట్టిన ద్వీపం మీద 1994లో దీన్ని తెరిచారు. ఒకటో టెర్మినల్‌లో కింది అంతస్తులో బయటికి వచ్చి, లిఫ్ట్‌లో పై అంతస్తుకు వెళ్లి, ఎదురుగా ఉన్న నడక వంతెన దాటితే రైల్వేస్టేషన్. అక్కడ హరుకా అనే రైలు ఎక్కితే గంటా పావు, మహా అయితే గంటన్నరలోపు క్యోటో స్టేషన్‌లో దిగుతారు. మధ్యలో మారడమనే మాటే లేదు. పెట్టెలు పెట్టుకోవడానికి చోటు ఉంటుంది. మొదటి నాలుగు రాత్రులకు హోటల్‌ను క్యోటో స్టేషన్‌కు ఆనుకునే తీసుకోండి. స్టేషన్ దక్షిణం వైపు, హచిజో ద్వారం బయట హోటళ్లు చాలా ఉన్నాయి. రైలు వద్దనుకుంటే విమానాశ్రయం నుంచి అదే హచిజో ద్వారానికి నేరుగా బస్సు కూడా ఉంది. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తప్ప మీ ఆవిడ మోకాలు వంచాల్సిన పని ఉండదు. నారాకూ ఒసాకాకూ క్యోటో నుంచి రోజూ వెళ్లి రావచ్చు. నారాకు ముప్పావు గంట, ఒసాకాకు అరగంట పడుతుంది. పెట్టెలు సర్దే పనీ, గదులు మారే పనీ ఉండవు.

జాగ్రత్త పడాల్సింది దిగే వేళ గురించి. రాత్రి పది దాటాక హరుకా దాదాపు దొరకదు. కాబట్టి సాయంత్రం ఏడులోపు దిగే విమానం చూసుకోండి. ఎనిమిది దాటేదే దొరికితే ఆ రాత్రి క్యోటో ఊసు మానేసి విమానాశ్రయంలోనే ఉన్న హోటల్‌లో గానీ, వంతెన దాటగానే వచ్చే రింకూ టౌన్‌లో గానీ పడుకుని పొద్దున బయలుదేరండి. ఇంకొకటి: చవక విమాన సంస్థలు కొన్ని రెండో టెర్మినల్‌లో దించుతాయి. అక్కడి నుంచి రైలు దగ్గరికి రావాలంటే షటిల్ బస్సు ఎక్కాలి. టికెట్ మీద ఏ టెర్మినల్ రాశారో చూడండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇది అబ్బాయికి చూపించండి. నరీటాలో దిగి నరీటాలోనే ఎక్కేవాళ్లు టోక్యో నుంచి క్యోటో వెళ్లి మళ్లీ టోక్యోకు తిరిగి రావాలి. బుల్లెట్ రైలులో ఒకవైపు టికెట్ పెద్దలకు సుమారు 14 వేల యెన్లు, పిల్లలకు సగం. నలుగురు పెద్దలు, ఒక పిల్లవాడు కలిపి 63 వేల యెన్లు, అంటే మన డబ్బులో 35 వేల రూపాయల చుట్టుపక్కల. కన్సాయ్‌లో దిగి హనేడాలో ఎక్కితే ఈ రైలు ఒకవైపే సరిపోతుంది. దీనికి నరీటా నుంచి నగరంలోకి వచ్చే రైళ్లు చేర్చండి. వేగంగా వెళ్లేవాటికి మనిషికి రెండున్నర వేల నుంచి మూడు వేల యెన్ల పైదాకా, అదీ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ. ట్యాక్సీ మాట ఎత్తకండి, అది 20 వేల యెన్లు దాటుతుంది. హనేడా నుంచి టోక్యోలోని షినగావా స్టేషన్ దాకా కెయిక్యు రైలు పావుగంటలోపు చేరుస్తుంది, టికెట్ 400 యెన్లలోపే. మూడో టికెట్‌కు మీరు మనిషికి ఆరు వేల చొప్పున అదనంగా పెట్టేది ఐదుగురికీ కలిపి 30 వేల రూపాయలు. తిరుగు రైలు ఖర్చు తప్పడంతోనే ఆ సొమ్ము వచ్చేస్తుంది, నరీటా రైళ్లలో మిగిలేది పైన లాభం. అంతకుమించి, ఒక పూటంతా రైల్లోనూ స్టేషన్లలోనూ గడపకుండా మీ చేతిలో ఉంటుంది. పది రోజుల యాత్రలో ఒక పూట చిన్నదేమీ కాదు.

ఎవరైనా ‘జె.ఆర్. రైలు పాస్ కొనుక్కుంటే ఎన్నిసార్లు తిరిగినా ఒకటే ఖర్చు కదా’ అని చెబితే, అది పాత మాట. ఏడు రోజుల మామూలు పాస్ 2023 అక్టోబరు దాకా 29,650 యెన్లు ఉండేది. ఆ నెలలో దాన్ని 50 వేలు చేశారు. మీరు అనుకుంటున్న ఊళ్లకు అది గిట్టుబాటు కాదు.

హనేడాకు రానుపోను ఉన్న 66 వేల టికెట్ ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. దిగడానికి హనేడా చాలా మంచిది. మీరు టోక్యో ఒక్కటే చూసి వచ్చేవాళ్లయితే మరో ఆలోచన లేకుండా అదే కొనమనేవాణ్ణి. కానీ క్యోటో నుంచి వెనక్కి రావాల్సిన బాధ అందులోనూ ఉంది, పైగా అదే అన్నిటికంటే ఎక్కువ ధర. అలాగే నరీటా ఎప్పుడూ పనికిరాదని అనుకోకండి. పగటిపూట దిగి, ఉవెనో, అసకుసా వైపు హోటల్ తీసుకుని, టోక్యోలోనే నాలుగు రోజులు ఉండి వచ్చే కుర్రాళ్లకు అది బాగానే ఉంటుంది. ధరలో తేడా నిజంగా మిగులుతుంది కూడా. నగోయా దగ్గరి చూబు, క్యూషూలోని ఫుకువోకా విమానాశ్రయాలు కూడా మంచివే గానీ మీ దారిలో లేవు.

హనేడాలో దిగి కన్సాయ్‌లో ఎక్కకూడదా అని మీకు సందేహం రావచ్చు. రైలు ఖర్చు ప్రకారం రెండూ ఒకటే. అయినా నేను క్యోటోతో మొదలుపెట్టమనడానికి రెండు కారణాలున్నాయి. టోక్యో స్టేషన్లు మహా పెద్దవి, ఎటు చూసినా జనప్రవాహం. అలసిపోయి, ఆ దేశపు రైళ్ల తీరు ఇంకా తెలియని మొదటి రోజు కంటే, నాలుగైదు రోజులు క్యోటోలో తిరిగి అలవాటు పడ్డాక అక్కడికి వెళ్తే ఆ రద్దీ భయపెట్టదు. రెండోది సామాను. కొనుగోళ్లు ఎప్పుడూ చివర్లోనే పెరుగుతాయి. బరువెక్కిన పెట్టెలతో ఉన్న రోజున విమానాశ్రయం పావుగంట దూరంలో ఉండటం పెద్ద సుఖం.

పెట్టెల గురించి ఇంకో మాట. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెను బుల్లెట్ రైలులో తీసుకెళ్లాలంటే దానికి చోటున్న సీటును ముందుగా రిజర్వు చేసుకోవాలి. అంత శ్రమ ఎందుకు? క్యోటో హోటల్ కౌంటర్‌లో పెట్టెలు అప్పగిస్తే టక్యుబిన్ అనే సామాను సర్వీసు మరునాటికి టోక్యో హోటల్‌కు చేరుస్తుంది. మీరు ఒక రాత్రికి కావలసిన బట్టలు, మందులు భుజాన వేసుకుని చేతులూపుకుంటూ రైలెక్కవచ్చు. పెద్దవాళ్లతో వెళ్లే ప్రతి కుటుంబానికీ నేను ఇది గట్టిగా చెబుతాను.

టికెట్ కొనే పద్ధతిలో పొరపాట్లు జరిగేది రెండు మూడు చోట్ల. కన్సాయ్‌కు ఒక టికెట్, హనేడా నుంచి ఇంకో టికెట్ విడివిడిగా కొనకండి. ధర పెరుగుతుంది. ‘మల్టీ సిటీ’ అన్న చోట హైదరాబాద్ నుంచి ఒసాకా, టోక్యో నుంచి హైదరాబాద్ అని రెండు వరుసల్లో ఇస్తే రెండూ ఒకే బుకింగ్ కింద వస్తాయి. మధ్యలో ఒక విమానం ఆలస్యమై రెండోది అందకపోతే వేరే విమానంలో పంపే బాధ్యత అప్పుడు సంస్థదే అవుతుంది, పెట్టెలు కూడా నేరుగా చివరి ఊరికి చేరతాయి. సింగపూర్, బ్యాంకాక్, హాంకాంగ్ మీదుగా వెళ్లే సంస్థలకు కన్సాయ్‌కూ హనేడాకూ రెండింటికీ విమానాలున్నాయి. ఏజెంటు ఎవరైనా నరీటాలో దిగి హనేడాలో ఇంకో విమానం ఎక్కే టికెట్ చూపిస్తే అక్కడికక్కడే వద్దనండి. ఆ రెండింటి మధ్య సామాను మీరే మోసుకుని గంటన్నర, రెండు గంటలు బస్సులోనో రైల్లోనో వెళ్లాలి.

తిరుగు ప్రయాణపు తేదీని రెండుసార్లు చూడండి. హనేడా నుంచి అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానాలు ఉన్నాయి. టికెట్ మీద 19వ తేదీ 0:20 అని ఉంటే మీరు విమానాశ్రయానికి వెళ్లాల్సింది 18వ తేదీ రాత్రి. ఒక రోజు ఆలస్యంగా వెళ్లి విమానం పోగొట్టుకున్నవాళ్లను నేనెరుగుదును.

సెలవులన్నారు కాబట్టి ఇదొకటి. మన బడులకు వేసవి సెలవులు మొదలయ్యే ఏప్రిల్ చివరే జపాన్‌లో గోల్డెన్ వీక్. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా ఆ దేశమంతా ప్రయాణాల్లో ఉంటుంది. రైళ్లలో, హోటళ్లలో చోటు దొరకడం కష్టం, దొరికినా ధరలు మండిపోతాయి. మే రెండో వారంలో దిగేలా పెట్టుకుంటే అంతా కుదుటపడి ఉంటుంది, ఎండ కూడా మన ఫిబ్రవరిలా హాయిగా ఉంటుంది.

వీసా దరఖాస్తులో జపాన్‌లో ఎక్కడ దిగుతారన్న ప్రశ్న ఉంటుంది, రోజువారీ కార్యక్రమం కూడా అడుగుతారు. అందుకని విమానాశ్రయం సంగతి ముందే తేల్చుకుని, మొదటి రాత్రి క్యోటో హోటల్‌ను దానికి తగ్గట్టు చూపించండి. టికెట్ కొన్నాక సంస్థకు ఫోన్ చేసి మీ ఆవిడకు వీల్‌చైర్ సాయం కావాలని నమోదు చేయించండి. తాను నడవగలనని ఆవిడ మొహమాటపడవచ్చు. మారే విమానాశ్రయంలో గేటు నుంచి గేటుకు ఉండే దూరం ఎంతో చెప్పి మీరే ఒప్పించాలి. బయలుదేరే ముందు అబ్బాయి చేత ‘విజిట్ జపాన్ వెబ్’లో అందరి వివరాలు నింపించి క్యూఆర్ కోడ్‌లు ఫోన్లలో పెట్టుకోండి, కన్సాయ్‌లో కాగితాలు నింపుతూ నిలబడే పని తప్పుతుంది.

క్యోటో నుంచి టోక్యోకు రైలు టికెట్లు తీసుకునేటప్పుడు సీట్ల అమరిక గుర్తుంచుకోండి. ఒకవైపు మూడు, మరోవైపు రెండు ఉంటాయి. మూడు ఉన్న వైపు అబ్బాయి, కోడలు, మనవడు కూర్చుంటారు. రెండు ఉన్న వైపు డి, ఇ సీట్లు మీ ఇద్దరికీ అడగండి, కిటికీ దగ్గరి ఇ సీటు ఆవిడకు ఇవ్వండి. టోక్యో ఇంకా ముప్పావు గంట, గంట దూరం ఉందనగా, ఆకాశం తెరిపిగా ఉంటే, ఫ్యూజీ పర్వతం ఆ కిటికీలోంచే కనిపిస్తుంది.